ఇసుక తాగిన నెత్తురు

రైలు వంతెనను ఎత్తుకుపోయిన వరద వచ్చిందే, దాని మరుసటి ఏడు సంగతి ఇది.

ఆ వరదకు కబేళా వెనకున్న కాలువ గట్టు తెగింది. నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి, గోడల మీద ఒక గీత గీసి వెళ్లిపోయాయి. ఇల్లు కడుక్కున్నాం. పొలాన్ని కడగలేం కదా. మా పొలం ఇంటి వెనకే. పైన కబేళా గోడ, గోడకు ఆనుకుని మా పొలం చెక్క, దానికి దిగువన పెరడు, పెరట్లో బావి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చెక్కలో కూరగాయలు తప్ప ఇంకోటి వెయ్యలేదు. గట్టు తెగిన చోటు నుంచి వచ్చిన ఇసుక దాని మీద మోకాలి లోతున పరుచుకుంది. తెల్లగా, మెత్తగా, చూడటానికి బాగానే ఉండేది. అందులో విత్తనం వెయ్యడమూ బండరాయి మీద వెయ్యడమూ ఒకటే.

వాన తెరిపిచ్చాక ఒకరోజు కబేళా మేస్త్రి గట్టు మీద నిలబడి పిలిచాడు.

"ఏం పెద్దాయనా, ఈ ఏడు ఇసుక పండిస్తున్నావా?"

నేను పార పక్కన పెట్టాను. మాట్లాడలేదు. వీధిలో నన్ను మూగాయన అంటారు. మా ఆవిడ నా బదులు మాట్లాడుతుంది, నాకు అదొక సుఖం.

"పండిస్తే మీకు కట్టలు కట్టి పంపుతాంలే," అంది ఆవిడ.

"మా గుంత కూడా పూడిపోయిందమ్మా. మాకేమో పారెయ్యడానికి చోటు లేదు, మీకేమో వేసుకోవడానికి మట్టి లేదు. ఇద్దరి కష్టమూ ఒక్క బండితో తీరుతుంది. పొట్ట పేడ, నెత్తురు, కడిగిన నీళ్లు, అన్నీ తోలిస్తా. ట్రాక్టరు మీ వాడికే ఇస్తా."

"కంపో?"

"మా గేటు దాటి బతికి బయటపడేది ఆ వాసనొక్కటే తల్లీ. దాన్ని కూడా చంపమంటే ఎలా?"

మా ఆవిడ నవ్వేసింది. నవ్విందంటే ఒప్పుకున్నట్టే. మావాడు అప్పటికి చాన్నాళ్లుగా పని లేక ఇంట్లో కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కోడలికి నెలలు నిండాయి.

పొట్ట పేడ మాకు కొత్త కాదు. కోసిన పశువు పొట్టలో అరగకుండా మిగిలిన గడ్డి అది. మా నాన్న రోజుల్లోనూ కబేళా నుంచి తెచ్చేవాళ్లం. కానీ తెచ్చింది తెచ్చినట్టు వేసేవాళ్లం కాదు. మా నాన్న గుంత తీసి, ఒక వరస పేడ, ఒక వరస మట్టి, పైన గడ్డి పరిచి, వానా ఎండా అన్నీ పోయేదాకా వదిలేసేవాడు. చేతిలోకి తీసుకుంటే టీపొడిలా రాలాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన నేల వాసన తప్ప ఇంకో వాసన రాకూడదు. అప్పుడే చేలోకి వెళ్లేది. నెత్తురైతే మా నాన్న గట్టు దాటనివ్వలేదు.

"అది మట్టి ఉన్నప్పటి సంగతి నాన్నా," అన్నాడు మావాడు. "ఇప్పుడు ఇసుక. ఇసుకకు ఎంత పెట్టినా చాలదు. గుంతలో మాగబెడుతూ కూర్చుంటే అదను దాటిపోదూ?"

వాడన్నదీ నిజమే అనిపించింది. తల ఊపాను.

మొదటి బండి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. పేడ కుప్ప పోశాక, మావాడు డ్రమ్ములు వంచి నెత్తురు వదిలాడు. ఎర్రగా పారుతుందనుకున్నాను. పారలేదు. పోసింది పోసినట్టే ఇసుకలోకి దిగిపోయింది. చిన్నగా చప్పుడు కూడా వచ్చింది, దప్పికతో ఉన్న మనిషి గుటకలు వేసినట్టు. ఇంకో డ్రమ్ము వంచాడు. అదీ తాగేసింది.

"చూశావా, ఎంత ఆకలి మీద ఉందో!" అన్నాడు మావాడు సంబరంగా.

ఎందుకో నేను నాలుగడుగులు వెనక్కి వేశాను.

* * *

తోటకూర చల్లాం. ముల్లంగి వేశాం. అంత తొందరగా మొలకలు రావడం నా వయసులో చూడలేదు. ఆకు అరచేతిని దాటి పెరిగింది. రంగు ఆకుపచ్చ కాదు, నలుపు. వీధివాళ్లు ఆగి చూసేవాళ్లు. "మూగాయన మంత్రం వేశాడ్రా ఇసుక మీద," అనేవాళ్లు.

ఒకనాడు ముల్లంగి పీకి చూశాను. పైన మోపెడు ఆకు, కింద ఎలుక తోకంత వేరు. ఇంకోటి పీకాను. అదీ అంతే. మదించిన మొక్క ఆకులోకే పోతుంది, అది తెలిసిందే. పారతో కొంచెం లోతుగా తవ్వాను. పైన తెల్లటి ఇసుక, దాని కింద జానెడు మందాన నల్లటి బురద. కుళ్లిన గుడ్డు వాసన ముఖాన కొట్టింది. గొయ్యి కప్పేసి పైన పాదంతో అదిమాను.

ఆ తర్వాత వానపాములు వచ్చాయి. చేను అంచున ఇసుక చేరని పాత మట్టి ఒక చారలా మిగిలింది, అందులో ఉండేవవి. తెల్లారి చూస్తే అన్నీ బయటికొచ్చి బాట మీద పడున్నాయి. కొన్ని ఇంకా మెదులుతున్నాయి. మట్టిలో ఉండాల్సిన ప్రాణి, ఎండ మీదికి వస్తే చస్తానని తెలిసిన ప్రాణి, ఎండే నయమని వచ్చేసింది. కోళ్లు వాటి దగ్గరిదాకా వెళ్లి, ముట్టకుండా వెనక్కి వచ్చాయి.

మావాడికి చూపించాను.

"వాన పడింది కదా నాన్నా, వానకు వస్తాయి."

వాన పడి చాలా రోజులైంది. వాడికీ ఆ సంగతి తెలుసు. వాడి ముఖం చూసి నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బండి పోతే పని పోతుంది. అప్పటికి ఇంట్లో ఇంకో ప్రాణి చేరింది.

* * *

మనవరాలు. గుప్పెడంత ఉండేది. బుడ్డది అనేవాళ్లం. పేరు పెట్టడానికి ముందే ఆ పిలుపు స్థిరపడిపోయింది. పురిటి తర్వాత కోడలికి జ్వరం పట్టుకుని, తగ్గేసరికి పాలు ఎండిపోయాయి. డబ్బా పాలపొడి తెచ్చారు. మా వీధి కుళాయి వరదలో పోయింది, మళ్లీ వెయ్యలేదు. ఉన్న కుళాయి ఆసుపత్రి దగ్గర, చాలా దూరం. మాకు బావి ఉంది కదా. దాని నీళ్లు తీపి అని వీధంతా మెచ్చుకునేది. మా ఆవిడ ఆ నీళ్లు కాచి, వడగట్టి, పాలు కలిపేది.

మొదట చూసింది కోడలు. మిట్టమధ్యాహ్నం. అందరం అన్నాలు తిని కూర్చున్నాం. మావాడు మేస్త్రి నడకను నటించి చూపిస్తున్నాడు, మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"అత్తయ్యా, దీని పెదాలు చూడండి."

ఊదారంగులో ఉన్నాయి. గోళ్లు కూడా. లేత వంకాయ తొడిమ కింద ఉంటుందే, ఆ రంగు.

"చలికి," అంది మా ఆవిడ. బయట ఎండ మాడ్చేస్తోంది.

దుప్పట్లు కప్పింది. అరికాళ్లు రుద్దింది. సాయంత్రానికి కొంచెం తగ్గినట్టుంది. మర్నాడు మళ్లీ. నన్ను ఎక్కువ భయపెట్టింది రంగు కాదు. బుడ్డది ఏడవకపోవడం. నొప్పి ఉన్న పిల్ల ఏడుస్తుంది, ఆకలేసిన పిల్ల ఏడుస్తుంది. ఇది బూడిదరంగు ముఖంతో కళ్లు తెరుచుకుని ఇంటి కప్పు వైపు చూస్తూ పడుకునేది. వేలు అందిస్తే పట్టుకునేది. ఆ పట్టు రోజురోజుకూ వదులవుతోంది. నేను పని మధ్యలో చేతులు కడుక్కుని వచ్చి వేలు అందించి చూసేవాణ్ని. పైకి మాత్రం దాహానికి వచ్చినట్టు ఉండేవాణ్ని.

"ఈ కంపులో పురుగూ పుట్రా నీళ్లలో పడుతోంది," అని తేల్చింది మా ఆవిడ. "ఇంకా బాగా కాచాలి."

అప్పటి నుంచి పొయ్యి ఆరలేదు. పొద్దున గిన్నె నిండా నీళ్లు పెట్టి, సగం మిగిలేదాకా మరిగించేది. సగం చాలదనిపించి, పావు మిగిలేదాకా. పక్కనే పీట వేసుకుని కూర్చుని, పైన ఈగ వాలకుండా విసనకర్ర ఊపుతూ కాపలా కాసేది. వీధిలో ఏ పిల్లకూ అంత శుభ్రంగా పాలు పట్టి ఉండరు. పట్టిన కొద్దీ బుడ్డది నల్లబడింది.

"ఏమయ్యా, నువ్వైనా ఏదన్నా చెప్పు! మాట్లాడితే పళ్లూడిపోతాయా?"

గిన్నెలోని నీళ్లు చూశాను. అద్దంలా ఉన్నాయి. నోట్లో వేసుకున్నాను. తీపిగానే ఉన్నాయి.

* * *

ఒకరోజు పొద్దెక్కాక బుడ్డది పాలు తాగుతూ తాగుతూ మెడ వాల్చేసింది. కోడలు అరిచిన అరుపు కబేళా గోడ దాటి వినబడిందేమో, మావాడు ట్రాక్టరు వదిలి పరిగెత్తుకొచ్చాడు. ఒంటి మీద నెత్తురు మరకలు. అలాగే పిల్లనెత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. దారిలో జనం మావాడి చొక్కా చూసి తప్పుకున్నారు.

నర్సమ్మ లావుపాటి మనిషి, నడుస్తూనే మాట్లాడుతుంది. పిల్లను బల్ల మీద పెట్టించి, ముక్కు దగ్గర గొట్టం పెట్టి, చేతిలోంచి సూదితో నెత్తురు తీసింది. మావాడు ఆ సూది వైపు చూస్తూ కదలకుండా అయిపోయాడు.

"నాన్నా," అన్నాడు. "అది నెత్తురేనా?"

సూదిగొట్టంలో గోధుమరంగు. మాగిన చింతపండు రంగు.

"రోజూ చూస్తాను కదా నేను. పీక తెగినప్పుడు ఎర్రగా ఉంటుంది. ఎండలో పడి ఎండిపోయాక ఈ రంగుకొస్తుంది. లోపల ఉండగానే ఇట్లా..." ఆగిపోయాడు. చొక్కా మీద ఎండిన మరకను చూసుకున్నాడు.

నర్సమ్మ వాడి వైపు ఒకసారి చూసింది. డాక్టరును పిలిచింది. డాక్టరు వచ్చి ఒక మందు ఎక్కించాడు. బట్టలకు పెట్టే నీలంమందు లాంటి నీలం. నల్లబడ్డ పిల్లకు నీలం మందేమిటని మా ఆవిడ అడ్డం పడబోయింది.

"ఉచ్చ నీలంగా పోస్తుంది, భయపడకండి," అంది నర్సమ్మ. "ఏం నీళ్లతో కలుపుతున్నారు పాలు?"

"బావి నీళ్లేనమ్మా. కాచి కాచి, పావు మిగిలేదాకా కాచి..."

నర్సమ్మ నడక ఆగింది. అది ఆగడం అప్పుడే చూశాను.

"మరిగిస్తే పురుగు చస్తుంది పెద్దమ్మా. ఉప్పు చస్తుందా? నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు గిన్నెలో మిగిలిపోతుంది. ఎంత కాస్తే అంత చిక్కన. పేడా నెత్తురూ నేలలో కుళ్లితే ఒక రకం ఉప్పు పుడుతుంది. రుచి ఉండదు, వాసన ఉండదు. పెద్దవాళ్లను అంతగా ఏమీ చెయ్యదు. పసిపిల్లల నెత్తుర్ని చెడగొడుతుంది. ఆ ఉప్పే అనుకుంటున్నాం. బావి పక్కన పేడకుప్ప ఉందా?"

"లేదమ్మా," అంది మా ఆవిడ. "చేను పైనెక్కడో ఉంది. బావి దగ్గర చీపురుతో ఊడ్చి పెడతాను నేను."

ఆ మాట నిజమే. నర్సమ్మ మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "నీళ్లు సీసాలో పట్టి ఇవ్వండి, పరీక్షకు పంపుతాం. రావడానికి చాన్నాళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆ నీళ్లు దీని నోటికి తగలకూడదు. ఇంకోసారి ఇట్లా అయితే మందు అందేదాకా ఉంటుందో ఉండదో చెప్పలేను."

కాసేపటికి బుడ్డది ఏడ్చింది. ముందు పెదాలు, తర్వాత చెవులు, ఆ తర్వాత గోళ్లు, మెల్లగా రంగు తిరిగింది. మా ఆవిడ ఒక మూలకు వెళ్లి నిలబడింది. తన రెండు చేతుల్నీ చూసుకుంటోంది, అవి ఇంకెవరివో అయినట్టు.

* * *

ఇంటికి తెచ్చుకున్నాం. ఆసుపత్రి కుళాయి నీళ్లు ఒక డబ్బాలో తెచ్చాం. ఆ డబ్బా వైపు అందరం దీపాన్ని చూసినట్టు చూసేవాళ్లం, ఎప్పుడు అడుగంటుతుందోనని.

మేస్త్రి పరామర్శకు వచ్చాడు. పాలపొడి డబ్బా తెచ్చాడు. మంచం మీద కూర్చుని బుడ్డది బుగ్గ తాకబోతే కోడలు పక్కకు జరిగింది.

"డాక్టర్లు ఏదో ఒకటి చెప్పాలి కదా," అన్నాడు. "బావెక్కడ, చేనెక్కడ! నెత్తురుకు కాళ్లున్నాయా నడిచి రావడానికి? పుట్టు బలహీనం. నాలుగు నాళ్లు పోతే అదే కోలుకుంటుంది." మావాడి వైపు తిరిగాడు. "రేపు బండి ఆపకు. అక్కడ తొట్లు నిండిపోయాయి. చోటు లేదంటే చోటున్న వాడికి బండి ఇవ్వాల్సొస్తుంది. నా చేతిలో ఏముంది?"

మేస్త్రి వెళ్లాక కూర్చున్న చోటి నుంచి ఎవరూ లేవలేదు.

"పరీక్ష రానీ," అన్నాడు మావాడు చివరికి. ఎవరితోనూ అన్నట్టు లేదు.

"వచ్చేదాకా?" అంది కోడలు.

"వచ్చేదాకా నీళ్లు మోద్దాం."

"నేను మోస్తాను. నేను లేనప్పుడు ఎవరన్నా మర్చిపోయి ఒక్క గ్లాసు కలిపితే?"

మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తనను అన్నదనుకుంది. కోడలు తనను అనలేదు. కానీ అక్కడ ఎవరి మాట ఎవరికి తగులుతోందో తెలియడం లేదు.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి," అన్నాడు మావాడు. "నన్నేం చెయ్యమంటారు?"

నేను పెరట్లోకి వచ్చాను. పొద్దు వాలుతోంది. కాళ్లు కడుక్కుందామని బావి గట్టు దగ్గరికి వెళ్లి, చేద అందుకోబోయి ఆగాను.

బట్టలుతికే బండ పక్కన మా ఆవిడ పెట్టిన సొరపాదు ఉంది. ఆ మూలకు వరద ఇసుక చేరలేదు. పాత మట్టే. పాదుకు ఎవరూ ఏదీ వెయ్యరు. ఉతికిన నీళ్లు, చేద లోంచి ఒలికిన నీళ్లు, అవే దాని తిండి. ప్రతి ఏడూ నాలుగు ఆకులు, పది కాయలు. పీలగా పాకుతూ, కాయ మాత్రం కాస్తుంది. దాన్ని మేం పేదరాలి సంసారం అనేవాళ్లం.

ఆ సాయంత్రం చూస్తే అది బండను కప్పేసి ఉంది. గిలక స్తంభం మీదికి ఎక్కింది. ఆకులు చేటలంత ఉన్నాయి. నలుపు. చేలో తోటకూర నలుపు, అదే నలుపు. ఆకులు ఎత్తి చూశాను. ఒక్క పిందె లేదు. ఒక్క పువ్వు లేదు.

వెనకాల మావాడు వచ్చాడు.

"ఏంటి నాన్నా?"

"ఈ పాదుకు ఎరువు ఎవరన్నా వేశారా?"

"దానికెవరు వేస్తారు?" నవ్వబోయాడు. "దానికి నీళ్లు తప్ప..."

అంతే. ఆకు మీద చెయ్యి వేసి, కాలినట్టు తీసేశాడు. తర్వాత బావిలోకి వంగి చూశాడు. లోపల నీళ్లు నిశ్చలంగా, తేటగా ఉన్నాయి. మా ఇద్దరి ముఖాలూ కనబడ్డాయి.

"నడిచొచ్చింది నాన్నా," అన్నాడు మెల్లగా.

నేను తల ఊపాను.

"ఇంక పొయ్యడం ఆపితే పోతుందా?"

"చేను వరదకు ముందున్నట్టు కావడానికి ఎన్ని వానలు కావాలో," అన్నాను. "నాకు తెలియదు."

వాడు బావి గట్టు మీద కూర్చుండిపోయాడు. రేపు బండి ఎక్కడికి తోలాలన్న ప్రశ్న వాడి ముఖం మీద రాసినట్టే ఉంది. లోపల బుడ్డది ఏడుస్తోంది. ఏడుస్తున్నంతసేపూ మాకు ఊపిరి ఆడింది. ఆగినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి తలుపు వైపు చూశాం.

మర్నాడు తెల్లవారుతుండగా లేచాను. బావి దగ్గరికి వెళ్లి, గిలక మీంచి తాడు లాగేశాను. చేదను ముడి విప్పి బోర్లించాను. సొరపాదును మొదలంటా కోశాను, మా ఆవిడ వంటింటి గడపలోంచి చూస్తూ ఉంది, వద్దనలేదు. తాడు భుజాన వేసుకుని చేను చుట్టి పైకి నడిచి, బండి మా చేలోకి వచ్చే గేటు మూసి, రెండు కమ్మీలనూ ఆ తాడుతో బిగించి కట్టాను. చేంతాడు పొడుగు కదా, చాలా ముళ్లు పడ్డాయి. నా ముడి మావాడికి తెలుసు. విప్పడమూ తెలుసు.

కబేళా లోపల మావాడి ట్రాక్టరు ఇంజను మొదలైంది. దగ్గరికి వచ్చింది. గేటుకు అవతల ఆగి, ఆగిపోకుండా అలాగే గరగరమంటూ నిలబడింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. భయమేసింది. వాడు దిగుతాడా, ముడి మీద చెయ్యి వేస్తాడా అని వీపంతా చెవులు చేసుకుని నిలబడ్డాను.

నిండు తొట్టితో వెనక్కి మళ్లే బండి చప్పుడు వేరు. బరువుగా, ఇష్టం లేనట్టు ఉంటుంది. అది విన్నాక కిందికి దిగి, ఖాళీ డబ్బా భుజానికెత్తుకుని ఆసుపత్రి కుళాయి దారి పట్టాను.